టేబుల్ టెన్నిస్‌లో పొట్టి సర్వీస్‌ని అటాక్ చేసేదెలా?

నాకు 38. ఆఫీసు అయ్యాక క్లబ్బులో గంట ఆడతాను. ఎదుటాయన పొట్టిగా, బంతి వెనక్కి తిరిగేలా బ్యాక్‌స్పిన్ సర్వీస్ వేస్తాడు. మెల్లగా తోసి పుష్ చేస్తే మూడో బంతికే బాదేస్తాడు. మణికట్టు విదిలించి ఫ్లిక్ చేయబోతే నెట్‌కే. మార్గం చెప్పండి.

జవాబు: కుడిచేతివాటమా? ముందు కుడికాలు బల్ల కిందికి వెళ్లాలి, చేయి చాపితే చాలదు. మోచెయ్యి ఎత్తి, బ్యాట్ కొన లోపలికి తిప్పి, బంతి పూర్తిగా లేచినప్పుడు పక్కనుంచి గీరండి. 2012 లండన్ ఒలింపిక్స్ విజేత జాంగ్ జికె అస్త్రం ఈ బనానా ఫ్లిక్కే.

మరో జవాబు: అన్నిటికీ ఫ్లిక్ ఎందుకండీ? రెండో గెంతు బల్ల దాటేట్టుంటే ఆగి, కింది నుంచి పైకి గీరుతూ లూప్ చేయండి.

అడిగినవాణ్ణి: నిన్న పదిలో నాలుగు పడ్డాయి! కాలి సంగతి నిజమే. మోకాలు బల్లకి కొట్టుకుంది, అది వేరే కథ.