డల్లాస్‌లో రోజూ ఆఫీసుకి పాత టయోటా 86 కొనడం తప్పా?

బెజవాడ_టు_ఫ్రిస్కో
అందరికీ నమస్కారం. ఫ్రిస్కోలో ఉంటాం, నా ఆఫీసు లాస్ కొలీనాస్‌లో. రానూపోనూ 44 మైళ్లు, వారానికి ఐదు రోజులూ వెళ్లాల్సిందే. ఇంట్లో ఒక రావ్4 ఎస్‌యూవీ ఉంది, అది మా ఆవిడ ఆసుపత్రి డ్యూటీకి తీసుకెళ్తుంది. రెండో బండి కావాలి. 2017 టయోటా 86 ఒకటి చూశాను, రెండు తలుపుల చిన్న స్పోర్ట్స్ కారు. ఆరు గేర్ల మాన్యువల్, 61 వేల మైళ్లు, ఇద్దరు ఓనర్లు, 17,400 డాలర్లు అడుగుతున్నాడు. అప్పు లేకుండా కొనగలను. నాకు 32, పిల్లలు ఇంకా లేరు. ఇలాంటి బండి ఒకటి నడపాలని చిన్నప్పటి నుంచీ ఉంది. ఇంట్లోవాళ్లూ ఆఫీసువాళ్లూ ఆఖరికి గుళ్లో కలిసినవాళ్లూ అందరూ కామ్రీ కొనమనే చెప్తున్నారు. ఎండకీ వానకీ రోజూ నడపడానికి ఇది పనికొస్తుందా? నడిపినవాళ్లు చెప్పండి.

లెక్కల_మాస్టారు
పనికిరాదు తమ్ముడూ. లెక్కేసి చెప్తున్నా. నీ దూరానికి ఏడాదికి 11,000 మైళ్లు. మాన్యువల్ 86కి ప్రభుత్వ సంస్థ ఈపీఏ ఇచ్చిన మైలేజీ గ్యాలన్‌కి 24 మైళ్లు. అంటే 458 గ్యాలన్లు, అదీ ప్రీమియం గ్యాస్, అంటే ఖరీదైన పెట్రోలు. కామ్రీ హైబ్రిడ్ ఎల్‌ఈకి 52. అంటే 211 గ్యాలన్లు, మామూలు గ్యాస్. మా వీధి చివర బంకులో ఇవాళ మామూలుది 2.70, ప్రీమియం 3.60. ఏడాదికి 1,080 డాలర్లు తేడా. టైర్లు, ఇన్సూరెన్సు ఇంకా వెయ్యలేదు.

మూడో_గేరు
నడిపినవాళ్లు చెప్పమన్నాడు కాబట్టి చెప్తున్నా. 2014 నుంచి నా దగ్గర 2013 ఎఫ్ఆర్-ఎస్ ఉంది. అదే బండి, అప్పట్లో సయాన్ పేరుతో అమ్మేవారు, 2017లో 86 అని పేరు మార్చారు. 1,42,000 మైళ్లు తిరిగింది. నాకు వేరే బండి లేదు.

ఇది వేగంగా పోయే బండి అనుకుని కొనకు. 2017 మాన్యువల్‌కి 205 గుర్రాల శక్తి. కామ్రీ వీ6కి 301. సిగ్నల్ దగ్గర కామ్రీ దీన్ని దాటిపోతుంది. దీని గొప్పంతా బరువులో ఉంది. దాదాపు 1,250 కిలోలే. ఇంజను సుబారు వాళ్ల బాక్సర్, సిలిండర్లు రెండు పక్కలకీ పడుకుని ఉంటాయి కాబట్టి బరువంతా నేలకి దగ్గరగా ఉంటుంది. టోల్‌వే నుంచి 121 హైవేకి దిగే వంపు నీకు తెలుసు కదా, రోజూ అదే దారి. అక్కడ మూడో గేరులో 45 మీద వెళ్తుంటే ముందు చక్రం కింద రోడ్డు ఎక్కడ అతుకు పడిందో అరచేతికి తెలుస్తుంది. స్పీడ్ లిమిట్ దాటక్కర్లేదు, టికెట్ భయం లేదు. ఆఫీసు నుంచి తల వాచిపోయి వచ్చిన రోజున ఆ ఒక్క వంపు చాలు నాకు.

కష్టాలు కూడా చెప్తా. 635 హైవే మీద ట్రాఫిక్ ఆగినప్పుడు క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ కాలు పట్టేస్తుంది. 70 మైళ్ల మీద టైర్ల హోరు ఎక్కువ, ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడలేవు. 3,500 నుంచి 4,500 ఆర్‌పీఎం మధ్య లాగుడు పడిపోతుంది, 2017లో కొంత సర్దారు గానీ పూర్తిగా పోలేదు.

చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంజను చల్లగా ఉండాలని ముందే చెప్పు. స్టార్ట్ చేశాక బానెట్ ఎత్తి విను. కీచురాయి అరిచినట్టు వినిపిస్తే భయపడకు, అది హైప్రెషర్ ఫ్యూయల్ పంపు చప్పుడు, పాత మోడళ్లలో మామూలే. టైమింగ్ కవరు అంచున నూనె చెమర్చిందేమో లైటు వేసి చూడు. 60 వేలకి స్పార్క్ ప్లగ్గులు మార్చాలి, ఆ రసీదు అడుగు. ప్లగ్గులు ఇంజనుకి అటూ ఇటూ సందుల్లో ఉంటాయి, కూలీ ఎక్కువవుతుందని చాలామంది ఎగ్గొడతారు.

ఇర్వింగ్_ఇడ్లీ
కరోలా కొనుక్కుని హాయిగా ఉండు బ్రో.

లెక్కల_మాస్టారు
1,080 డాలర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇంకోటి. 2021 ఫిబ్రవరి 11 గుర్తుందా? ఫోర్ట్‌వర్త్‌లో 35డబ్ల్యూ హైవే మీద గడ్డకట్టిన రోడ్డు, 130కి పైగా బళ్లు గుద్దుకున్నాయి, ఆరుగురు పోయారు. వెనక చక్రాలు లాగే తేలిక బండి, వేసవి టైర్లు. అలాంటి పొద్దున ఆఫీసుకి రమ్మంటే ఏం చేస్తావు?

మూడో_గేరు
ఆ రోజు గుద్దుకున్నవాటిలో పెద్ద ట్రక్కులున్నాయి, పికప్‌లున్నాయి, ఎస్‌యూవీలున్నాయి. మంచు గాజులా మారిన రోడ్డు మీద ఏ బండీ ఆగదు. అలాంటి రోజు ఇంట్లో ఉండాలి. మిగతా రోజులకి ఆల్‌సీజన్ టైర్లు వేస్తే సరిపోతుంది, పదకొండేళ్లుగా అవే నావి.

గ్యాస్ తేడా మీ లెక్క ప్రకారమే నెలకి 90. అతను అప్పు చెయ్యడం లేదు. కామ్రీ హైబ్రిడ్ మంచిది ఇదే ధరకి దొరకదు, దొరికినా మైళ్లు లక్ష దాటి ఉంటాయి. ఆ తేడా కూడా రాయండి మీ లెక్కలో.

లెక్కల_మాస్టారు
నెలకి 90 అంటే చిన్నదిగానే ఉంటుంది. పదేళ్లకి పదివేల ఎనిమిది వందలు. అమ్మానాన్నలు ఊరి నుంచి దిగుతారు, మనిషికి రెండేసి 23 కిలోల పెట్టెలు. పచ్చళ్ల డబ్బాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారా వెనక సీట్లో? రేపు పాప పుడితే? పసిపిల్లల సీటు వెనక్కి తిప్పి పెడితే ముందు సీటు డ్యాష్‌బోర్డుకి ఆనుతుంది.

మూడో_గేరు
రావ్4 ఉందని మొదటి పోస్టులోనే రాశాడు. చదివారా? డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టుకి ఏడాదికి ఒకసారి వెళ్తాం. దాని కోసం మిగతా 364 రోజులూ ఖాళీ సీట్లు మోసుకు తిరగాలా? వెనక సీటు మడిస్తే నాలుగు టైర్లు పడతాయి, ట్రాక్‌కి వెళ్లేవాళ్ల కోసం టయోటా వాళ్లు అలా కొలిచే కట్టారు. రెండు పెట్టెలు పట్టవా?

సాఫ్ట్‌వేర్_సత్తిబాబు
ఆవిడ ఒప్పుకున్నారా? ముందు అది చెప్పండి.

ప్లేనో_గుంటూరమ్మాయి
ఆవిడ ఒప్పుకుందా అని అడిగారు సరే. ఆవిడ కూడా నడుపుతుందా అని మీలో ఒక్కరూ అడగలేదు. మా ఇంట్లో 2019 మియాటా ఉంది, మాజ్దా వాళ్ల రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. అది నాది, రోజూ నేనే నడుపుతా. గుంటూరులో నాన్న మారుతి 800 మీద నేర్చుకున్నా. అరండల్‌పేటలో స్కూళ్లు వదిలే టైముకి ఆ సందుల్లో క్లచ్ మీద ఆపడం వచ్చినవాళ్లకి 635 ఒక లెక్కా? కుడి చేత్తో గేరు మార్చడానికి మొదటి వారం మాత్రం తడబడ్డా. తలుపు హ్యాండిల్ పట్టుకుని లాగేదాన్ని.

మీరు 86 చూస్తున్నది ఒకందుకు మంచిదే, దానికి గట్టి టాపు. నాది గుడ్డ టాపు. మార్చి నుంచి జూన్ దాకా సాయంత్రం మబ్బు ఆకుపచ్చగా మారిందంటే నాకు గుండె దడ. వడగళ్లకి బానెట్ మీద పదకొండు సొట్టలు పడ్డాయి. మీ అపార్ట్‌మెంట్‌లో బండికి పైన కప్పు ఉందా? లేకపోతే ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు కాంప్రహెన్సివ్ డిడక్టబుల్, అంటే రిపేరుకి ముందు మన జేబులోంచి పోయేది, ఎంతో చూసుకోండి. ఇక్కడ అందరూ గ్యాస్ గురించే కొట్టుకుంటున్నారు గానీ డల్లాస్‌లో బండికి అసలు శత్రువు వడగళ్లే.

లెక్కల_మాస్టారు
అమ్మా, మీది మీ ఇష్టం. ఇతను అడిగింది 86 గురించి. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు, మన కౌంటీల్లో పొగ పరీక్ష ఒక్కటే మిగిలింది. బ్రేకులు అరిగినా, లైట్లు లేకపోయినా రిజిస్ట్రేషన్ అయిపోతుంది. ఇద్దరు కుర్రాళ్ల చేతిలో నలిగిన స్పోర్ట్స్ కారుని ఏ నమ్మకంతో కొనాలి?

మూడో_గేరు
దానికే కదా కొనేముందు మెకానిక్‌తో చూపించుకునేది. మాస్టారూ, మొదటి నుంచీ చూస్తున్నా. గ్యాస్‌కి జవాబు చెప్తే మంచు అంటారు, మంచుకి చెప్తే పెట్టెలు అంటారు, పెట్టెలకి చెప్తే ఇన్‌స్పెక్షన్ అంటారు. మీరు జన్మలో ఎప్పుడైనా ఇలాంటి బండి నడిపారా? ఎక్సెల్ షీటు ముందు కూర్చుని ఇంకొకడి ఇష్టాన్ని కొట్టెయ్యడం తేలికే.

లెక్కల_మాస్టారు
నడిపాను. 2022లో నీలం రంగు బీఆర్‌జెడ్ (86కి సుబారు కవల) కొత్తది కొన్నా, 72 నెలల అప్పు మీద. నువ్వు చెప్పిన ఆ 121 వంపు నాకూ తెలుసు. 2023 జనవరిలో ఒక మంగళవారం పొద్దున పావుగంట కాల్‌లో ఉద్యోగం తీసేశారు. హెచ్1బీ వీసా కదా, ఇంకో ఉద్యోగం వెతుక్కోడానికి 60 రోజులే. మా ఆవిడకి అప్పుడు ఆరో నెల. ఏ ఊళ్లో ఉద్యోగం దొరుకుతుందో, అసలు ఇక్కడ ఉంటామో లేదో తెలీదు. బండి మీద 27,500 బాకీ. అమ్మకానికి పెట్టి బేరాలాడే టైము లేదు. నలభయ్యో రోజున ఒక డీలరు 24,000 ఇస్తానన్నాడు. ఆ 3,500 నా జేబులోంచి కట్టి, బండి ఇచ్చేసి, ఊబర్లో ఇంటికొచ్చా. నా సన్‌గ్లాసెస్ దాంట్లోనే ఉండిపోయాయి, అడగబుద్ధి కాలేదు.

బెజవాడ తమ్ముడూ, నువ్వు వీసా సంగతి ఎక్కడా రాయలేదు. నువ్వు హెచ్1 మీద ఉన్నావా? మీ ఆవిడది హెచ్4 ఈఏడీయేనా, అంటే నీ వీసా మీద ఆధారపడ్డ వర్క్ పర్మిట్టేనా? అయితే నీ ఒక్క ఉద్యోగం పోతే రెండు జీతాలూ ఆగుతాయి. ఆ 17,400 బండి ధర కాదు, మీ 60 రోజుల తిండీ అద్దే. గ్రీన్ కార్డు వచ్చాక కొనుక్కో, నేనే వచ్చి చూసిపెడతా.

మూడో_గేరు
మాస్టారూ, అలా అనకుండా ఉండాల్సింది. మన్నించండి.

కానీ మీ ఆఖరి మాట ఒప్పుకోను. మీరు అప్పు మీద కొన్నారు, ఇతను డబ్బు పెట్టి కొంటున్నాడు. రేపు అమ్మాల్సి వస్తే ఏడెనిమిదేళ్ల బండికి పడేంత ధర ఇప్పటికే పడిపోయింది, బ్యాంకుకి కట్టాల్సింది ఉండదు, చేతికి డబ్బు వస్తుంది. గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 అర్జీ నాది 2015లో అప్రూవ్ అయింది. ఇంకా లైన్లోనే ఉన్నా. ఇల్లు అప్పుడు, బండి అప్పుడు, అమ్మని తీసుకొచ్చి చూపించడం అప్పుడు అంటూ అన్నీ ఆ కార్డుకి ముడిపెట్టి కూర్చుంటే నాకు 41 వచ్చాయి. ఈ బండి ఒక్కటే ఆగకుండా చేసిన పని. అందుకే దీని మీద మాట పడితే నాకు కోపం వస్తుంది.

లెక్కల_మాస్టారు
నీకు పదకొండేళ్లు ఏమీ కాలేదు కాబట్టి అలా అంటున్నావు. నిన్ను తప్పు పట్టడం లేదు. కానీ ఇక్కడ మన ఉండటం ఇంకొకడి సంతకం మీద ఉంది. అలాంటప్పుడు చేతిలోంచి లాక్కుంటే ఏడుపొచ్చే వస్తువు కొనొద్దంటాను. కామ్రీ అమ్మితే ఎవరికీ ఏడుపు రాదు.

ఓరుగల్లు_పాతకాపు
ఇద్దరి మాటా విన్న. నా సంగతి జెప్త. కార్డు వచ్చేదాంక ఆగిన. 49 ఏండ్లకు వచ్చింది. అప్పుడు రెండు సీట్ల బండి కొన్న, ఎర్రది. అప్పటికే నడుములో ఎల్4 ఎల్5 డిస్కు జరిగింది. ఎక్కుడు ఎట్లనో ఎక్కేది గని దిగాలంటే తలుపు పట్టుకొని, ఒక మోకాలు నేలకు ఆనిచ్చి దిగేటోణ్ణి. ఆఫీసు పార్కింగుల పిల్లలు చూసేటోళ్లు. ఏడు నెలలకు అమ్మిన. తమ్మీ, పైసలు చూసుకో, గని ఏండ్లు గుడ చూసుకో.

ఇర్వింగ్_ఇడ్లీ
కరోలా అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

బెజవాడ_టు_ఫ్రిస్కో
మూడు రోజులుగా అన్నీ చదువుతున్నాను, మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. మాస్టారు గారు ఊహించింది నిజమే. నాది హెచ్1, తనది హెచ్4 ఈఏడీ. ఆదివారం కూర్చుని లెక్క రాశాం. బండి కొన్నాక ఎనిమిది నెలల ఖర్చు చేతిలో ఉంటుంది. మీరు అడక్కపోతే ఆ లెక్క రాసేవాణ్ణి కాదు, ఊరికే ఉంటుందిలే అనుకునేవాణ్ణి.

నిన్న మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించాం. టైమింగ్ కవరు కింద నూనె చెమ్మ ఉంది, కారడం లేదు. వెనక టైర్లు రెండూ లోపలి అంచున అరిగాయి. ప్లగ్గులు మార్చలేదు, రసీదు లేదు. ఇవన్నీ చూపిస్తే 16,300కి దిగాడు. గుంటూరమ్మాయి గారు అన్నట్టు తనని కూడా నడపమన్నాను. తను స్కూటీ తప్ప ఊళ్లో కారు నడపలేదు. చర్చి పార్కింగులో రెండుసార్లు బండి ఆగిపోయింది. మూడోసారి రెండో గేరు పడగానే నా వైపు చూడకుండా ఇంకో రౌండు, ఇంకో రౌండు అంటూ అరగంట తిప్పింది. అపార్ట్‌మెంట్‌లో నెలకి 60 డాలర్లకి రేకుల కప్పున్న పార్కింగు ఇస్తామన్నారు. గురువారం డబ్బు కడుతున్నాం.

లెక్కల_మాస్టారు
నేనైతే ఇప్పటికీ వద్దనే అంటాను. ఎనిమిది నెలల డబ్బు వేరే ఖాతాలో పెట్టు, దాన్ని ముట్టుకోకు.

బండి టైటిల్ కాగితం మీద అమ్మేవాడితో సంతకం పెట్టించుకుని ఇద్దరూ కలిసే కౌంటీ టాక్స్ ఆఫీసుకి వెళ్లండి, వాడిని ఒంటరిగా వదలకు. పన్ను 6.25 శాతం, వెయ్యి పైనే అవుతుంది, అది లెక్కలో వేశావా? వెనక టైర్లు లోపల అరిగాయంటే కొత్తవి వేసేముందు అలైన్‌మెంట్ చేయించు, లేకపోతే కొత్తవీ అలాగే పోతాయి. ఇంకొకటి ఎవరూ అడగలేదు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటోంది? పెడల్ కిందనా, బాగా పైకి వచ్చాకా? రేపు మళ్లీ నడిపినప్పుడు నాలుగో గేరులో 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి, క్లచ్ జారుతోందేమో చూసి రాత్రికి రాయి.