లిథోట్రిప్సీ మొదటి సిటింగ్‌లో రాయి రెండు ముక్కలే అయింది, రెండోసారి ఏం మార్చాలి?

లిథోట్రిప్సీ (బయటి నుంచి షాక్ తరంగాలతో కిడ్నీ రాయిని పగలగొట్టే చికిత్స) యూనిట్లలో పనిచేసేవాళ్లు కాస్త సలహా చెప్పండి. పేషెంటుకు ఎడమ కిడ్నీ కింది కేలిక్స్‌లో (కిడ్నీలో మూత్రం చేరే గిన్నెలాంటి చిన్న గది) 11 మి.మీ. రాయి. సీటీలో సాంద్రత 1050 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో సాంద్రతను కొలిచే ప్రమాణం), అంటే గట్టి రాయే, చర్మం నుంచి రాయికి దూరం 11 సెం.మీ. నిమిషానికి 90 చొప్పున 3000 షాకులు పడ్డాయి. రెండు వారాల తర్వాత ఎక్స్‌రేలో రెండు పెద్ద ముక్కలే కనిపిస్తున్నాయి, ఇసుక రాలిన జాడే లేదు.

ఈసారి వేగం 60కి దించి, తక్కువ పవర్‌తో మొదలుపెట్టి మెల్లగా పెంచుదామని ఆలోచన. అలా ఇస్తే రాయి బాగా పగులుతుంది, కిడ్నీకి దెబ్బా తగ్గుతుంది. అసలు అనుమానం మాత్రం చర్మానికీ మిషన్ కుషన్‌కీ మధ్య పూసే జెల్ మీదే. చేత్తో పూస్తే గాలి బుడగలు చిక్కుకుంటాయి, షాక్‌లో చాలా భాగం అక్కడే ఆగిపోతుంది. డబ్బాలోంచి నేరుగా కుషన్ మధ్యలో కుప్పగా పోసి, పేషెంటును దాని మీదకు దించేవాళ్లు ఉన్నారా? మధ్యలో పేషెంటు కదిలితే జెల్ మళ్లీ వేస్తారా?

పైగా కింది కేలిక్స్‌లో ముక్కలు పగిలినా బయటికి రావడం కష్టం. ఇంత గట్టి రాయికి రెండో సిటింగ్ దండగ, నేరుగా ఫ్లెక్సిబుల్ స్కోప్‌తో (మూత్రమార్గం గుండా కిడ్నీలోకి పంపే వంగే గొట్టం) లేజర్ చేయడమే మేలంటారా? మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదు, రక్తం పలచబడే మందులూ వాడటం లేదు.