ఏప్రిల్, మే నెలల్లో క్యాంపర్‌వ్యాన్‌తో స్కాట్లండ్ తీరం, దీవులు, అడవి: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

చిట్టడవి:
నమస్తే అండీ అందరికీ. ఏప్రిల్ చివర్లో క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుని స్కాట్లండ్ పడమటి తీరం వైపు వెళ్దామని ఎప్పటినుంచో అనుకుంటున్నాం. ఈసారి సెలవు కుదిరింది, రెండు వారాలకు కాస్త తక్కువ. నేను, మావారు, మూడేళ్ల పాప. స్కై దీవి చూడాలి, అక్కణ్ణుంచి ఫెర్రీలో ఔటర్ హెబ్రిడీస్‌కి వెళ్లాలి, తిరుగు దారిలో ఏదైనా అడవి దగ్గర ఆగాలి, వీలైతే నార్త్ కోస్ట్ 500 అనే ఉత్తర తీరపు చుట్టుదారి కూడా చుట్టి రావాలి అని రాసుకున్నాను. రాసుకున్నాకే టెన్షన్ మొదలైంది. ఆ రోజుల్లో రాత్రిపూట చలి ఎంతుంటుంది? బండి ఎక్కడ పడితే అక్కడ ఆపుకుని పడుకోవచ్చా? మావారికి డ్రైవింగ్ అలవాటే గానీ ఇంత పెద్ద బండి నడపడం ఇదే మొదలు.

పోటుపాటు:
మంచి నెల పట్టుకున్నారండీ. ఆ ప్రాంతానికి ఏప్రిల్ చివరి నుంచి మే నడిమి దాకా వెళ్లడమే నాకిష్టం. మిడ్జెస్ అనే ఆ సన్న పురుగులు మే చివర్లో గానీ విజృంభించవు. పొద్దు తొమ్మిదింటి దాకా ఉంటుంది. పాపను పెందలాడే పడుకోబెట్టాలంటే మాత్రం కిటికీలకు మందపాటి తెరలు ఉన్నాయో లేదో అద్దెకిచ్చేవాళ్లను ముందే అడగండి.

మీ జాబితాలోంచి నార్త్ కోస్ట్ 500 తీసేయమని నా సలహా. అది 516 మైళ్ల చుట్టు. అందులో చాలా భాగం ఒక్క బండి పట్టే రోడ్డే. దానికి స్కై, ఔటర్ హెబ్రిడీస్ కూడా కలిపితే రోజంతా సీట్లోనే గడిచిపోతుంది, మూడేళ్ల పిల్లకు అది శిక్ష. బెలాఖ్ నా బా కనుమ ఆ దారిలోదే, 626 మీటర్ల ఎత్తుకు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. పెద్ద బండ్లు, కారవాన్లు, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ఈ దారిన రావద్దని మొదట్లోనే బోర్డు ఉంటుంది. కొత్త బండితో ఆ పంతం వద్దు.

చక్కగా ఒక గుండ్రం వేసుకోండి. స్కైలో ఊయిగ్ రేవు నుంచి ఔటర్ హెబ్రిడీస్‌లో హారిస్‌లోని టార్బర్ట్‌కి ఫెర్రీ, గంటా నలభై నిమిషాలు. హారిస్, దాని పక్కనే లూయిస్ తీరిగ్గా చూసుకుని, లూయిస్‌లోని స్టోర్నోవే నుంచి ప్రధాన భూభాగం మీది ఉల్లాపూల్‌కి ఇంకో ఫెర్రీ, అది రెండున్నర గంటలు దాటుతుంది. వచ్చిన దారినే మళ్లీ రానక్కర్లేదు.

ముందు ఫెర్రీ, తర్వాతే మిగతావన్నీ. వ్యాన్లకు చోటు తొందరగా అయిపోతుంది. బుక్ చేసేటప్పుడు బండి పొడవు అడుగుతారు, వెనక సైకిల్ స్టాండ్ ఉంటే అదీ కలిపి చెప్పాలి. గాలి గట్టిగా వీస్తే ఓడ ఆపేస్తారు, వసంతంలో అది మామూలే. అందుకే తిరుగు ఫెర్రీకి, బండి అప్పజెప్పే రోజుకి మధ్య ఒకటి రెండు రోజులు ఖాళీగా వదలండి.

నీలిగడ్డి:
పోటుపాటు గారు చెప్పిన ఒంటి రోడ్ల గురించి ఇంకో మాట. ప్రతి కొంత దూరానికి పాసింగ్ ప్లేస్ అని వెడల్పు చోటు ఉంటుంది. అది మీ ఎడమ పక్కనుంటే అందులోకి తప్పుకోవాలి. కుడి పక్కనుంటే మీరు మీ వైపే ఆగాలి, ఎదుటివాళ్లు అందులోకి వస్తారు. అడ్డంగా కుడివైపుకి పోకూడదు. వెనకాల కారు అంటిపెట్టుకుని వస్తుంటే చోటు దొరగ్గానే ఆగి దారివ్వండి. ఆ కారులో ఉన్నది డ్యూటీకి పరిగెత్తుతున్న నర్సు కావచ్చు, బడి నుంచి పిల్లల్ని తెచ్చుకునే తల్లి కావచ్చు. అక్కడివాళ్లకు ఉన్నది ఆ ఒక్క రోడ్డే. ఫొటో కోసమో భోజనానికో పాసింగ్ ప్లేస్‌లో బండి నిలిపేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఏప్రిల్ చివరంటే గొర్రెపిల్లల కాలం. కంచె లేని రోడ్ల మీద పడుకుని ఉంటాయి. తల్లి ఒక పక్క, పిల్ల ఇంకో పక్క ఉంటే ఆగిపోండి, హారన్ వినగానే పిల్ల తల్లి వైపే ఉరుకుతుంది.

వెచ్చనిగూడు:
చలి గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. పగలు స్వెటర్‌తో సరిపోతుంది. రాత్రి సున్నా దగ్గరికి దిగే రోజులుంటాయి. వసంతంలో వ్యాన్‌కి రాత్రే అసలు పరీక్ష.

మొదట గ్యాస్ సంగతి. అద్దె బండిలో సిలిండర్ ఏదో చూడండి. బ్రిటన్‌లో సాధారణంగా నీలం సిలిండర్ బ్యూటేన్, ఎర్రది ప్రొపేన్. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ఆవిరి కావడం మానేస్తుంది. సిలిండర్ ఊపితే లోపల గ్యాస్ చప్పుడవుతూనే ఉంటుంది, పొయ్యి మాత్రం వెలగదు. ప్రొపేన్‌కి మైనస్ 42 దాకా ఆ బాధ లేదు. మీ నెలకి ప్రొపేనే అడగండి.

రెండోది చెమ్మ. చలి కంటే ఇదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఒక కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీరు ఆవిరిగా గాల్లోకి వస్తుంది. దానికి ముగ్గురి ఊపిరి, తడిసిన జాకెట్లు తోడవుతాయి. పొద్దున లేచేసరికి అద్దాల మీంచి నీరు ధారగా కారి కిటికీ రబ్బరు అంచులో నిలిచి ఉంటుంది. దాన్ని గుడ్డతో తుడిచి బయట పిండండి, లోపల ఆరేయొద్దు. పరుపు ఎత్తి అడుగున చెయ్యి పెట్టి చూడండి. పైన పొడిగానే ఉంటుంది గానీ అడుగున, పలకకు ఆనిన చోట తడి తగులుతుంది. పగలు పరుపులు నిలబెట్టి గాలి ఆడనివ్వాలి. చలిగా ఉందని పైనున్న వెంట్ మూసేస్తే చెమ్మ రెట్టింపవుతుంది. వేలెడు సందు తెరిచే ఉంచండి.

ఇంకోటి ప్రాణాలకు సంబంధించినది. వెచ్చదనం కోసం వంట పొయ్యి వెలిగించి వదలకండి. బొగ్గుల కుంపటి ఆరిపోయిందనుకున్నా సరే బండిలోకి తేవద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు. బండి తీసుకునే రోజే దాన్ని పసిగట్టే అలారం బటన్ నొక్కి మోగుతుందో లేదో వినండి. బండికే బిగించిన డీజిల్ హీటర్ పొగను బయటికే పంపుతుంది కాబట్టి పాప ఉన్నవాళ్లకు అది మేలు.

రెండోగేరు:
వెచ్చనిగూడు గారూ, డీజిల్ హీటర్ రాత్రంతా వేస్తే బ్యాటరీ దిగిపోదా? హుక్-అప్, అంటే బయటి కరెంటు కనెక్షన్, లేని చోట ఆగితే ఎలా?

వెచ్చనిగూడు:
వెలిగేటప్పుడు కొద్ది నిమిషాలు బాగా లాగుతుంది, తర్వాత ఫ్యాన్ తిరగడానికే కాస్త పడుతుంది. మాటిమాటికీ ఆపి వెలిగించడం కంటే సన్నగా నడవనివ్వడం మంచిది. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే సగం కన్నా కిందికి దించకండి. లిథియం అయితే ఎక్కువ వాడుకోవచ్చు. రోజూ కొంత దూరం నడిపితే ఇంజిన్‌తో తిరిగే ఆల్టర్నేటర్ బ్యాటరీని నింపేస్తుంది. ఒకే చోట కదలకుండా ఉండేటట్లయితే మధ్యలో ఒక రాత్రి హుక్-అప్ ఉన్న సైట్‌లో దిగడం సుఖం. బట్టలూ ఉతుక్కోవచ్చు.

ఒడ్డున:
ఎక్కడైనా ఆపుకోవచ్చా అన్నదానికి నా మాట. స్కాట్లండ్‌లో ఎక్కడైనా క్యాంపింగ్ చేసుకునే హక్కుంది కదా అని చాలామంది అంటారు. ఆ హక్కు ఇచ్చింది 2003 నాటి భూసంస్కరణ చట్టం. నడిచేవాళ్లకు, సైకిల్ మీద వచ్చేవాళ్లకు, చిన్న టెంట్ వేసుకునేవాళ్లకు అది వర్తిస్తుంది. మోటారు బండికి ఆ హక్కు లేదు. స్వీడన్‌లోనూ అంతే, అందరి హక్కు అంటూ గొప్పగా చెప్పుకునే ఆ పద్ధతిలో బండిని నేల మీదికి తోలే హక్కు లేదు. పోర్చుగల్‌లో 2021 నుంచి తీర ప్రాంతాల్లో, రక్షిత ప్రాంతాల్లో అనుమతించిన చోట్ల తప్ప రాత్రి పడుకోవడం నిషేధం.

అలాగని దారులు మూసుకుపోలేదు. వెస్ట్ హారిస్‌లో స్థానిక ట్రస్టు వ్యాన్ల కోసమే కొన్ని చోట్లు కేటాయించింది, కిటికీలోంచే సముద్రం. ప్రభుత్వ అటవీ సంస్థ కొన్ని కార్ పార్కుల్లో సెల్ఫ్ కంటైన్డ్, అంటే టాయిలెట్ లాంటివన్నీ లోపలే ఉన్న, బండ్లను ఒక రాత్రి ఉండనిస్తుంది. టాయిలెట్ ఉన్న బండి తీసుకోమనేది అందుకే. ఆ టాయిలెట్ కింది క్యాసెట్ డబ్బాని ఖాళీ చేసే చోటు ఎక్కడుందో ప్రతి రెండో రోజుకీ ముందే చూసిపెట్టుకోండి.

గాలిపటం:
ఒడ్డున గారూ, మీతో పూర్తిగా ఒప్పుకోలేను. సైట్‌లో వరసగా నిలబెట్టిన బండ్ల మధ్య పడుకోవడానికి అంత దూరం ఎందుకు? ఎవరూ లేని ఇసుక తీరం పక్కన పొద్దున్నే తలుపు తెరవడమే వ్యాన్ సుఖం. చెత్త వదలకుండా, మంట వేయకుండా, ఒక రాత్రి ఉండి వెళ్లిపోతే ఎవరికి నష్టం?

ఒడ్డున:
ఆ సుఖం నాకూ ఇష్టమే అండీ. నష్టం ఎక్కడో చూపిస్తాను. హెబ్రిడీస్ తీరాన ఇసుక మీద పెరిగిన పచ్చిక నేలను మాఖర్ అంటారు. పైన గడ్డి వేళ్లు అల్లుకున్న పొర పలచగా ఉంటుంది, దాని కింద అంతా గవ్వల పొడి. ఒక్క చక్రం ఆ పొరను చీల్చిందంటే చాలు, గాలికి కింది ఇసుక ఎగిరిపోవడం మొదలై గుంత పెద్దదవుతూ పోతుంది. పైగా ఇది గుడ్ల కాలం. లాప్‌వింగ్, ఆయిస్టర్‌క్యాచర్ పక్షులు గూడు కట్టవు, నేల మీదే గుడ్లు పెడతాయి. ఆయిస్టర్‌క్యాచర్ గుడ్డు బూడిద రంగు మీద గోధుమ మచ్చలతో ఉంటుంది, గులకరాళ్లలో పడితే పక్కనే నిలబడినా కంటికి ఆనదు. ఎర్ర ముక్కుతో ఆ పక్షి మీ తల మీద గోలగోలగా తిరుగుతోందంటే గుడ్లు మీ పాదాల దగ్గరే ఉన్నాయన్నమాట. వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోవాలి. ఆగస్టులో మీ మాటకు నేను ఇంత అడ్డుచెప్పను. ఏప్రిల్, మేలలో మాత్రం గట్టి నేల మీదే, అడిగి మరీ ఆపాలి.

గాలిపటం:
గుడ్ల సంగతి నేను ఆలోచించలేదు. సరే, ఈ నెలల వరకు మీ మాటే.

అమావాస్య:
దీవులన్నారు కాబట్టి ఆటుపోట్ల గురించి చెప్పకుండా ఉండలేను. మార్చి 20 ప్రాంతంలో పగలు, రాత్రి సమానమవుతాయి కదా, దానికి అటూఇటూ వచ్చే అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో ఏడాదిలోకెల్లా పెద్ద పోట్లు వస్తాయి. ఏప్రిల్‌లోనూ ఆ ఉధృతి కొంత ఉంటుంది. నిన్న పొడిగా ఉన్న ఇసుక బాట ఈ రోజు అదే వేళకు నీళ్లలో ఉండొచ్చు.

ఫ్రాన్స్‌లో నువార్‌మూటియే దీవికి గువా అని ఒక రాతి దారి ఉంది, నాలుగు కిలోమీటర్లు పైనే. రోజుకు రెండుసార్లు మునుగుతుంది. చిక్కుకుపోయినవాళ్లు ఎక్కి కూర్చోవడానికి దారి పొడుగునా ఎత్తైన స్తంభాలు కట్టారు. 1971 నుంచి వంతెన ఉంది కాబట్టి వ్యాన్‌తో వంతెన మీదే వెళ్లండి, గువా మీద పాటు సమయంలో, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు, కాలినడకన తిరగండి. ఇంగ్లండ్‌లో లిండిస్‌ఫార్న్ దీవి దారీ అంతే, దాటదగ్గ వేళలు కౌంటీ కౌన్సిల్ ప్రకటిస్తుంది. ఆ వేళ దాటాక కూడా రోడ్డు పొడిగా కనిపిస్తూ ఆశపెడుతుంది. నమ్మకండి. బండి అవతల వైపే ఉండాలనుకుంటే రాత్రికి బస కూడా అక్కడే చూసుకోవాలి.

స్కైలో ఊలినిష్ దగ్గర ఓరన్సే అనే బుల్లి దీవి ఉంది, పాటు సమయంలో నడిచి వెళ్లొచ్చు. పాపకు బాగా నచ్చుతుంది. పాటు పూర్తిగా దిగకముందే బయల్దేరి, నీరు తిరగగానే వెనక్కి వచ్చేయండి.

మోదుగుపూలు:
అడవి సంగతి ఎవరూ ఎత్తలేదేం! ఉల్లాపూల్‌లో దిగాక దక్షిణానికి వస్తే గ్లెన్ ఆఫ్రిక్ ఉంది, పాతకాలపు స్కాట్స్ పైన్ చెట్ల అడవి. ఇంకా కిందికి రాగలిగితే సునార్ట్ ఓక్ అడవులు, స్ట్రాంటియన్ దగ్గర అరియండల్. సముద్రపు చెమ్మతో బతికే వాన అడవి అది. కొమ్మ కొమ్మకీ నాచు, లైకెన్ దట్టంగా పట్టి ఉంటాయి. మే మొదట్లో చెట్ల కింద బ్లూబెల్ పూలు విచ్చుకుంటాయి. బాట దిగి పూల మధ్యకు మాత్రం వెళ్లనివ్వకండి, ఆకులు నలిగితే దుంపకు ఆహారం అందదు, తిరిగి కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. పాపకు ఫొటో బాట మీద నుంచే తీయండి, బాగానే వస్తుంది.

అడవిలో చూసుకోవాల్సింది పిడుదులు, అదే టిక్స్. వసంతంలో ఎండ తగలగానే మేల్కొంటాయి. సాయంత్రం బండిలో లైటు వేసి పాప చెవుల వెనక, జుట్టు మొదట్లో, మోకాళ్ల వెనక, నడుం పట్టీ దగ్గర వేలితో తడిమి చూడండి. గసగసాల గింజంత ఉండొచ్చు. కరిచి ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిలువుగా పైకి లాగాలి. నూనె రాయడం, కాల్చడం వద్దు. తర్వాత కొన్ని వారాల్లో ఎర్రటి మచ్చ పెద్దదవుతూ కనిపిస్తే డాక్టరుకు టిక్ కరిచిన సంగతి చెప్పాలి. లైమ్ జబ్బుకు మొదట్లోనే మందు వేస్తే నయమవుతుంది.

దక్షిణగాలి:
మేం న్యూజిలాండ్‌లో ఉంటాం, ఇక్కడ వసంతం సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా. మీ దారికి పనికిరాదు గానీ ఒక్కటి చెప్పాలనిపించింది. వైపౌవా అడవిలో పెద్ద కౌరీ చెట్లు చూడబోయే ముందు ప్రతివాళ్లూ బూట్లు రుద్ది మందునీళ్లతో తడిపి వెళ్లాలి. మట్టితో పాటు వచ్చే తెగులు ఆ చెట్ల వేళ్లను చంపేస్తోంది. అప్పట్నుంచి ఏ దేశంలో అడవికి వెళ్లినా ఒక అడవి మట్టి ఇంకో అడవికి మోయకుండా బ్రష్ ఒకటి తలుపు దగ్గరే పెట్టుకుంటున్నాం.

చిట్టడవి:
ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ చాలా చాలా థాంక్స్. మావారూ నేనూ కూర్చుని అంతా చదివాం. నార్త్ కోస్ట్ 500 తీసేశాం. స్కై, ఊయిగ్ ఫెర్రీ, హారిస్, లూయిస్, ఉల్లాపూల్, చివర గ్లెన్ ఆఫ్రిక్. సునార్ట్ మనసులో ఉంది గానీ ఫెర్రీ ఆలస్యమైతే వదిలేస్తాం. రెండు ఫెర్రీలూ ఈ రోజే చూస్తాను. ఇంకో రెండు సందేహాలు: ఫెర్రీలో పాప నిద్రపోతే బండిలోనే ఉండొచ్చా? పాప సీటు వెనక పక్క బెంచీకి కట్టొచ్చా?

పోటుపాటు:
ఉండనివ్వరండీ. ఓడ కదిలాక బండ్ల డెక్ మూసేస్తారు. పాప దుప్పటి, పాలు, తిండి, మార్చే బట్టలు ఒక సంచిలో వేసుకుని పైకి వెళ్లండి. ఎక్కే ముందు గ్యాస్ సిలిండర్ దగ్గరే ఆపేయాలి.

సీటు విషయంలో రాజీ వద్దు. పక్కకు తిరిగి ఉన్న బెంచీకి పాప సీటు బిగించకూడదు. ముందుకు తిరిగి, సరైన బెల్టు ఉన్న సీటు కావాలి. చాలా వ్యాన్లలో పడుకునే చోట్లు నాలుగున్నా బెల్టు సీట్లు రెండే ఉంటాయి, డబ్బు కట్టే ముందే ఫొటో పంపమనండి. ఇంకోటి, లూయిస్, హారిస్‌లలో ఆదివారం చాలామటుకు అన్నీ మూసే ఉంటాయి, పెట్రోలు బంకులతో సహా. శనివారం సాయంత్రానికే డీజిల్, నీళ్లు, సరుకులు నింపేసుకోండి.