ప్రచారం చేసి బతికిన మనిషి చెప్పే స్టోయిక్ తత్వాన్ని నమ్మవచ్చా?

ప్రశ్న: కృష్ణలంక_పాఠకుడు

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పెద్దది. ఓపికగా చదవమని మనవి.

నాది విజయవాడ. వయసు 41. పదమూడేళ్లు రియల్ ఎస్టేట్ వెంచర్లకు ప్రకటనలు, బ్రోషర్లు రాశాను. పోయిన ఏడాది ఉద్యోగం పోయింది. హైదరాబాదులో ఇంటర్వ్యూకి వెళ్తుంటే రైల్లో పక్క సీటు కుర్రవాడు అమెరికన్ రచయిత ర్యాన్ హాలిడే పుస్తకం చదువుతున్నాడు, ‘ది అబ్‌స్టకిల్ ఈజ్ ది వే’. మన చేతిలో ఉన్నదాన్ని సరిగా చేయమని, లేనిదాని గురించి కలత పడవద్దని చెప్పే ప్రాచీన గ్రీకు, రోమన్ స్టోయిక్ తత్వం మీద రాసిన పుస్తకం. ఖమ్మం దాటాక అడిగి తీసుకున్నాను. సికింద్రాబాదు వచ్చేసరికి సగం అయిపోయింది. దిగగానే ఒక ప్రతి కొనుక్కున్నాను. అడ్డంకినే దారిగా మలుచుకోమని ఆయన చెప్పిన మాట ఆ నెలల్లో నన్ను నిలబెట్టింది. ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

ఆ తరువాత, ఈయన ఎవరో తెలుసుకుందామని 2012లో వచ్చిన ఆయన మొదటి పుస్తకం చదివాను. అప్పటినుంచి మనసు కుదుటపడలేదు. కాలేజీ మధ్యలో మానేసి రచయిత రాబర్ట్ గ్రీన్ దగ్గర పని నేర్చుకున్నాడు. తరువాత అమెరికన్ అపారెల్ అనే బట్టల కంపెనీలో మార్కెటింగ్ అధిపతి అయ్యాడు. ఒక సినిమా ప్రచారం కోసం లాస్ ఏంజెలెస్‌లో తాము పెట్టిన హోర్డింగులనే రాత్రిపూట తానే పాడుచేశాడు. ఫోటో తీసి, మారుపేరుతో బ్లాగులకు పంపి, జనానికి కోపం వచ్చిందనే వార్తను తానే పుట్టించాడు. ఇదంతా ఎవరో వేసిన నింద కాదు, ఆయనే రాసుకున్నాడు.

నన్ను ఎక్కువగా కలతపెట్టింది వేరే సంగతి. స్టోయిక్ తత్వం రాసిన రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్‌ను ఆయన చదివింది ఈ పనులన్నీ మానేశాక కాదు, అంతకుముందే. విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక సమావేశంలో అమెరికా రేడియో, టీవీ డాక్టరు డ్రూ పిన్‌స్కీని ఏం చదువుతున్నారని అడిగితే ప్రాచీన స్టోయిక్ గురువు ఎపిక్టెటస్ పేరు చెప్పారట. ఆ వెంటనే స్టోయిక్కులను చదివాడు. అంటే, చదివి కూడా చేశాడు.

ఇక నా సంగతి. నేను రాసిన ఒక బ్రోషరులో అరవై అడుగుల రోడ్డు ఉంది. బొమ్మలో రెండు వైపులా చెట్లు కూడా ఉన్నాయి. ఆ రోడ్డు నేటికీ లేదు. స్థలం కొన్న ఒక రిటైర్డ్ బస్సు కండక్టరు ఎలా సంపాదించారో నా నంబరు సంపాదించి ఫోను చేశారు. కోప్పడలేదు. “బాబూ, మీరు రాసిన రోడ్డు ఎక్కడుందో చెబితే వెళ్లి చూసుకుంటాను” అన్నారు. యజమాని గీయమన్నది గీయించానని చెప్పి పెట్టేశాను. ఆ రాత్రి హాలిడే పుస్తకం తెరిచి, గతం నా చేతిలో లేదు కదా అని చదువుకుని నిద్రపోయాను. హాయిగా నిద్రపట్టింది. ఆ నిద్ర ఇప్పుడు నన్ను భయపెడుతోంది.

అందుకే అడుగుతున్నాను. ఆయన మాట నమ్మవచ్చా, లేక నా వృత్తివాడే నాకు సరుకు అమ్మాడా? ఆయన్ని పక్కనపెట్టి నేరుగా మూలాలకే వెళ్లాలా?

జవాబు: పాత_లెక్చరర్

డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్లు తత్వశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మీ ప్రశ్న నన్ను కదిలించింది.

చెప్పేవాడి నడతను బట్టి తత్వాన్ని తోసిపుచ్చాలంటే ముందుగా రోమన్ స్టోయిక్ రచయిత సెనెకాను తోసిపుచ్చాలి. నీరో చక్రవర్తికి గురువు, ఆ పైన మంత్రిలాంటివాడు. రోమ్‌లో మహా సంపన్నుల్లో ఒకడు. పేదరికాన్ని తలచుకుని భయపడవద్దని ఉత్తరాలు రాసినవాడూ ఆయనే. ఈ నింద ఆయన చెవిన పడకపోలేదు. తాను మాట్లాడుతున్నది ధర్మం గురించే గానీ తన గురించి కాదని, తన తప్పులను కూడా తిడుతూనే మాట్లాడుతున్నానని జవాబు రాసుకున్నాడు. చివరికి సామాన్య శకం 65లో ఆ నీరో ఆజ్ఞ మీదనే ప్రాణం తీసుకున్నాడు.

పాత స్టోయిక్కులు ఇంకా కఠినంగా మాట్లాడేవారు. నీటిలో మూరెడు లోతున మునిగినవాడికైనా, అగాధంలో మునిగినవాడికైనా ఊపిరి ఆడదు, ఇద్దరూ ఒకటే అనేవారు. అంటే జ్ఞాని కానంతవరకు అందరం మునిగి ఉన్నవాళ్లమే. పైకి ఈదుతున్నామా లేదా అన్నదే చూసుకోవాలి. హాలిడే ఆ వయసులో చదివి కూడా మునిగాడన్నది నిజం. కానీ తాను చేసినదాన్ని తన పేరుతోనే అచ్చువేశాడు. అది పైకి ఈదడమా, మరో రకం ప్రచారమా అనేది మనం తేల్చలేం. మనకు కనిపించేవి ఆ తరువాతి పనులే.

అయితే ఆయన పుస్తకంతో నాకు ఒక గట్టి తగాదా ఉంది. అది మీ కండక్టరు గారికి సంబంధించింది కాబట్టి వివరంగా రాస్తాను.

ఆ పుస్తకానికి పేరూ ప్రాణమూ మార్కస్ రాసుకున్న ‘మెడిటేషన్స్’లో ఐదో భాగం, ఇరవయ్యో ఖండంలోనివి. అడ్డు వచ్చినదే దారి అవుతుందన్న భావం అక్కడే ఉంది. కానీ ఆ ఖండం ఎలా మొదలవుతుందో చూడండి. మనుషులకు మేలు చేయవలసినవాణ్ణి, వాళ్లను భరించవలసినవాణ్ణి గనుక వాళ్లకంటే నాకు దగ్గరివి ఏవీ లేవంటాడు. ఆ పనికి కొందరు అడ్డు తగిలితే, ఆ అడ్డు విషయంలో మాత్రం వాళ్లు ఎండ, గాలి, అడవి జంతువుల వంటివాళ్లంటాడు. పని ఆగినా ఆ పని చేయాలనే సంకల్పం ఆగదని, అది అడ్డంకినే సాధనంగా తిప్పుకుంటుందని చివర్లో వస్తుంది. మార్కస్ మనసులో ఉన్న పని సాటి మనిషికి మేలు చేయడం. హాలిడే పుస్తకంలో ఎక్కువ ఉదాహరణలు వ్యాపారులు, సేనానులు, క్రీడాకారులు ఎలా గెలిచారన్నవి. గెలుపు తప్పు కాదు. కానీ ఆ ఖండంలోంచి మనిషిని తీసేస్తే మిగిలేది పట్టుదల ఒక్కటే. పట్టుదల దొంగకూ ఉంటుంది.

ఇంకొకటి. విధిని ప్రేమించు అనే అర్థంలో ‘అమోర్ ఫాటీ’ అని స్టోయిక్కుల పేరుతో ఇప్పుడు పతకాలు అమ్ముతున్నారు, హాలిడే దుకాణం కూడా అమ్ముతుంది. ఆ మాట జర్మన్ తత్వవేత్త నీషేది, 19వ శతాబ్దం నాటిది. భావం మార్కస్‌లోనూ ఎపిక్టెటస్‌లోనూ దొరుకుతుంది గానీ మాట దొరకదు.

మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు గీతలోని స్థితప్రజ్ఞుణ్ణి తెస్తారు కాబట్టి ముందే చెబుతున్నాను. పోలిక ఉంది. కానీ స్టోయిక్కు మోక్షం కోరడు. ఈ లోకంలో, ఈ ఊళ్లో, తన వంతు పని సరిగా చేయడమే అతనికి గమ్యం.

మూలాలకు వెళ్లండి. ఎపిక్టెటస్ బోధల చేతిపుస్తకం ‘ఎంకిరిడియన్’తో మొదలుపెట్టండి, 53 చిన్న అధ్యాయాలే. హాలిడేను తిట్టి వెళ్లనక్కరలేదు. రైల్లో ఆ కుర్రవాడి చేతిలో ఆ పుస్తకం లేకపోతే మీరు ఈ ప్రశ్నే అడిగేవారు కాదు.

జవాబు: రాత్రి_షిఫ్టు

మాస్టారి మాటకు నా అనుభవం ఒకటి జోడిస్తాను. మేము పనిచేసిన కంపెనీలో మూడొందల మందిని తీసేసే ముందు మా అధికారి అందరికీ ఇదే పుస్తకం పంచారు. మన చేతిలో లేనిదాని గురించి బాధపడవద్దని సమావేశంలో చెప్పారు. తీసేసేవాళ్ల జాబితా ఆయన చేతిలోనే ఉంది.

పుట్టుకతో బానిస అయిన ఎపిక్టెటస్ తనను తాను నిలబెట్టుకోవడానికి పట్టుకున్న మాట అది. పైవాడి నోట్లోంచి కిందివాడికి వచ్చినప్పుడు దాని అర్థమే తిరగబడుతుంది. స్టోయిక్కుల నాలుగు సుగుణాలూ ధైర్యం, నిగ్రహం, న్యాయం, వివేకం. ధైర్యం, నిగ్రహం బాగా అమ్ముడుపోతాయి. న్యాయం గురించి హాలిడే విడిగా పుస్తకం రాసింది 2024లో, వరుసలో మూడోదిగా. రాసినందుకు సంతోషం. ముందే రాసి ఉంటే మా అధికారి ఏ పుస్తకం పంచేవారో చూడాలని ఉండేది.

జవాబు: కొలరాడో_ఒడ్డున

నేను అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో ఉంటాను, మాది కాకినాడ. మా అమ్మ చనిపోయిన ఏడాది నాకు ప్రయాణం కుదరలేదు. తలకొరివి ఫోనులో చూశాను. ఆ ఏడాదంతా హాలిడే ‘ది డైలీ స్టోయిక్’ రోజుకొక పేజీ చదివాను, 366 పేజీల్లో ఒక్కటీ వదలలేదు. పెద్ద తత్వం చదివే శక్తి అప్పుడు నాకు లేదు. ఒక పేజీ చదివే శక్తి ఉంది. అలాంటి రోజులు వచ్చినవాళ్ల కోసం కూడా ఎవరో ఒకరు రాయాలి కదా.

ఆస్టిన్‌కు సుమారు యాభై కిలోమీటర్లలో బాస్ట్రాప్ అనే చిన్న ఊరుంది. అక్కడి మెయిన్ స్ట్రీట్‌లో హాలిడే దంపతులు 2021లో తెరిచిన పుస్తకాల దుకాణం ఉంది. ‘ది పెయింటెడ్ పోర్చ్’ అంటారు. ఏథెన్సులో స్టోయిక్ తత్వాన్ని మొదలుపెట్టిన జెనో పాఠం చెప్పిన ‘స్టోవా పోయికిలీ’కి అది అనువాదం. మన మాటల్లో రంగుల అరుగు అనుకోవచ్చు. ఓడ మునిగి సరుకంతా పోగొట్టుకున్న వర్తకుడు జెనో అరుగు మీద కూర్చుని చెప్పాడు గనుక, ‘అరుగువాళ్లు’ అన్నదే ఆ తత్వానికి పేరయింది. మా అమ్మమ్మ ఊళ్లో అరుగు మీద కూర్చుని భారతం చదివే తాతయ్య గుర్తొచ్చి నేను ఆ గుమ్మం దగ్గర కాసేపు అలాగే నిలబడిపోయాను. లోపల అన్ని పుస్తకాలూ ఉండవు, వాళ్లు మెచ్చినవే పెడతారు. నేను హాలిడే పుస్తకం కొనలేదు. గ్రెగరీ హేస్ అనువదించిన మార్కస్ కొన్నాను, హాలిడే అందరికీ చెప్పే అనువాదం అదే. తన పుస్తకాన్ని దాటి మూలానికి వెళ్లమనే మనిషిని ఉత్త అమ్మకందారు అని నేను అనలేను.

2025 ఏప్రిల్‌లో జరిగినది కూడా చెప్పాలి. అమెరికా నౌకాదళ అకాడమీ తన గ్రంథాలయం నుంచి 381 పుస్తకాలు తీసేసింది. అక్కడ వివేకం గురించి మాట్లాడవలసిన హాలిడే ఆ విషయం ప్రస్తావించబోయాడు. ఆ భాగం తీసేయమన్నారు. తీయనన్నాడు, ప్రసంగం రద్దయింది. ఆయన చెప్పదలచుకున్నది జేమ్స్ స్టాక్‌డేల్ గురించి. ఆ అకాడమీలోనే చదివిన నౌకాదళ పైలట్ ఆయన. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎపిక్టెటస్‌నూ చదివాడు, మార్క్సిజాన్నీ చదివాడు. 1965లో వియత్నాంలో విమానం కూలి ఏడేళ్లకు పైగా చెరలో ఉన్నప్పుడు ఆ రెండు చదువులూ ఆయనకు అక్కరకు వచ్చాయి. తాను నమ్మని పుస్తకాన్ని కూడా చదవనివ్వాలన్నందుకు ప్రసంగం పోగొట్టుకున్నవాణ్ణి, ఒకప్పుడు హోర్డింగు పాడుచేసినవాణ్ణి, ఇద్దరినీ ఒకే మనిషిలో చూడక తప్పదు.

జవాబు: పాత_లెక్చరర్

కృష్ణలంక పాఠకుడు గారూ, ఒక్క మాట మరిచాను. గొర్రె తాను ఎంత గడ్డి మేసిందో కాపరికి తెచ్చి చూపించదు, అరిగించుకుని ఉన్ని, పాలు ఇస్తుందంటాడు ఎపిక్టెటస్, ‘ఎంకిరిడియన్’ 46వ అధ్యాయంలో. గతం మీ చేతిలో లేదు, నిజమే. ఆ బ్రోషరు మాత్రం మీ దగ్గర ఉండే ఉంటుంది. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అంటే రెరా, 2016లో వచ్చింది. అందులో 12వ సెక్షను చూడండి. ప్రకటనలోనో బ్రోషరులోనో ఉన్న తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి పరిహారం కోరే హక్కు ఉంది.

ప్రశ్న అడిగినవారి మాట: కృష్ణలంక_పాఠకుడు

మాస్టారూ, ఆస్టిన్ సోదరీ, రాత్రి షిఫ్టు మిత్రమా, మీకు వెంటనే జవాబు రాయలేకపోయాను. నాలుగు రోజులు పట్టింది.

‘ఎంకిరిడియన్’ మొదటి అధ్యాయాన్ని నోటుపుస్తకంలో తెలుగు చేసుకున్నాను. ‘మన చేతిలో ఉన్నవి, మన చేతిలో లేనివి’ అని రాస్తే వాక్యం తనంతట తానే కుదిరింది. మన ఇళ్లలో పెద్దవాళ్లు అనే మాటే అది. కానీ వాళ్లు ఎప్పుడూ రెండో సగమే అనేవారు, మన చేతిలో ఏముంది నాయనా అని. మొదటి సగం రాస్తుంటే నా చేయి ఆగింది. ఎపిక్టెటస్ ముందు పెట్టింది ఆ సగాన్నే. హాలిడే కూడా దాచలేదు, నేనే దాటుకుంటూ చదివాను. ఇది ఒప్పుకోవాలి.

బ్రోషరు మూల ఫైలు పాత కంప్యూటర్‌లో దొరికింది. రోడ్డు వెడల్పు మార్చమని నాకు వచ్చిన మెయిలు కూడా దొరికింది. మొదట నేను రాసింది ముప్ఫై అడుగులని. అరవై చేయమన్నారు, చేశాను.

కండక్టరు గారి నంబరు ఫోనులో లేదు. ఎలాగో వెతికి పట్టుకున్నాను. ఆయన నన్ను గుర్తుపట్టారు. ఆ స్థలం పత్రాలన్నీ ఒక ఇనప్పెట్టెలో ఉన్నాయని, తనకు చదవడానికి కళ్లు సరిగా ఆనడం లేదని చెప్పారు. ఆయనతోపాటు కొన్నవాళ్లు ఇంకో పదకొండు మంది ఉన్నారట. వచ్చే ఆదివారం ఉదయం అందరినీ తన ఇంటికి పిలుస్తానన్నారు. రెండు కాపీలు అచ్చు తీయించాను, ఒకటి బ్రోషరుది, ఒకటి మెయిలుది. నాతో వకీలు మిత్రుడొకరు వస్తున్నారు. వాళ్లు నన్ను ఏమంటారో నా చేతిలో లేదు.

మాస్టారూ, ఫిర్యాదులో నా పేరు సాక్షిగా రాయవచ్చా, లేక నేను కూడా ప్రతివాదినే అవుతానా? వకీలును అడిగితే రెండూ జరగవచ్చన్నారు. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఏదైనా సరే, ఆదివారం వెళ్తున్నాను.