బండ మీద గీత అనుకున్నది కంటిలో తేలింది: దీనిపై పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

పెన్నాఒడ్డు (తాడిపత్రి):

నాకు 54 ఏళ్ళు. తాడిపత్రిలో ఒక పాలిష్ ఫ్యాక్టరీలో, లారీకి ఎక్కించే ముందు నాపరాళ్ళను ఒక్కొక్కటిగా చూసి, బీటలు పడినవాటిని పక్కన పెట్టించడం ఇరవై ఏళ్ళుగా నా పని. మూడు వారాల కిందట లేత బూడిద రంగు బండ ఒకదాని మీద తల వెంట్రుకంత సన్నని గీత కనిపించింది. అది పైపైదా, లోపలికి దిగిన బీటా తెలుసుకుందామని అలవాటు కొద్దీ బొటనవేలి గోటితో గీకి చూశాను. గోటికి ఏమీ తగల్లేదు. చూపు పక్కకు తిప్పగానే ఆ గీత కూడా పక్కకు జరిగి, నీళ్ళ తొట్టిలో పడిన దారంలా కాసేపు ఊగి నిలిచింది. తర్వాతి బండ మీద కూడా అదే గీత ఉంది. అప్పటికే రెండు మంచి బండలను రిజెక్టులో వేయించానన్న సంగతి సాయంత్రం గాని తెలియలేదు.

ఇది ఎడమ కంటిలోనే ఉంది. గీతతో పాటు తెగిన ఉంగరం లాంటి ఆకారం ఒకటి, మిరియం పొడి చల్లినట్టు నాలుగైదు చుక్కలు కూడా ఉన్నాయి. రాత్రి పడుకుని తల తిప్పినప్పుడు ఎడమ అంచున ఎవరో టార్చి వేసి ఆర్పినట్టు మెరుపు వస్తోంది. చిన్నప్పటి నుంచి మైనస్ ఆరున్నర పవరు అద్దాలు వాడుతున్నాను, షుగరు లేదు. దగ్గరలో ఒకచోట చూపించుకుంటే అక్షరాల పట్టిక చదివించి, అద్దాలు సరిచూసి, వయసుతో వచ్చేదే, ఏమీ కాదని పంపించారు. చుక్కల మందు వేయలేదు.

ఇది రాతి దుమ్ము వల్ల వచ్చిందా? రోజూ అనాసపండు తింటే పోతుందని ఒకరు, లేజరుతో కాల్చేస్తారని ఒకరు, ఆపరేషన్ చేసి కంటిలోని జెల్లీనే తీసేస్తారని మరొకరు అంటున్నారు. వీటిలో పరిశోధనతో నిలబడినది ఏదో తెలిసినవారు చెప్పగలరా?

హంద్రీతీరం (కర్నూలు):

పెన్నాఒడ్డు గారూ, నేను వైద్యుణ్ణి కాదు. ఆప్తాల్మిక్ అసిస్టెంటుగా 28 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మీ ప్రశ్నలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం చివర్లో ఎక్కడో ఉంది: చుక్కల మందు వేయలేదు. మందు వేసి కంటిపాపను పెద్దది చేసి, రెటీనా (కంటి వెనుక భాగంలో వెలుతురును పట్టే పలుచని పొర) అంచుల వరకు చూడనిదే, ఏమీ కాదన్న మాటకు విలువ లేదు. అక్షరాల పట్టిక చివరి వరుస దాకా చదివిన కంటిలో కూడా రెటీనా అంచున చిరుగు ఉండవచ్చు. కాబట్టి మిగతా సంగతులు తర్వాత చదువుకోండి, రేపే వెళ్ళి రెటీనా చూసే వైద్యులకు చూపించుకోండి. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, ఉదయం ఓపీ వేళకు చేరుకోండి. మందు వేశాక కొన్ని గంటలు వెలుతురు చూడలేరు, తోడు ఎవరినైనా తీసుకెళ్ళండి, బండి మీరు నడపవద్దు.

ఇక జరిగిందేమిటో చెబుతాను. కనుగుడ్డులో ఐదింట నాలుగు వంతుల చోటును నింపేది విట్రియస్ అనే జెల్లీ. దాని పరిమాణం సుమారు 4 మిల్లీలీటర్లు, అంటే చిన్న చెంచాడు కూడా నిండదు. అందులో 98 శాతానికి పైగా నీరే. ఆ నీటిని జెల్లీగా పట్టి ఉంచేవి కొల్లాజెన్ అనే సన్నని పోగులు, వాటి మధ్య ఉండే హయలురోనిక్ ఆమ్లం. మోకాళ్ళకు ఇంజక్షన్లుగానూ ముఖానికి క్రీములుగానూ ఇవాళ అమ్ముడవుతున్న ఈ పదార్థాన్ని కార్ల్ మేయర్, జాన్ పామర్ 1934లో మొదటిసారి వేరుచేసింది ఆవు కంటిలోని విట్రియస్ నుంచే. వయసు పెరిగేకొద్దీ జెల్లీ అక్కడక్కడా నీరుగారి, పోగులు ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. మీకు కనిపించేది ఆ ఉండలు కాదు, రెటీనా మీద పడే వాటి నీడ. ఎండలోనో లేత రంగు బండ మీదో చూసినప్పుడు కంటిపాప చిన్నదై నీడ గట్టిగా పడుతుంది, మసక వెలుతురులో పాప పెద్దదై నీడ చెదిరిపోతుంది. మీ వృత్తిలో ఇది అందరికంటే ముందు పట్టుబడడంలో వింత లేదు. రాతి దుమ్ముకు దీనితో సంబంధం లేదు. దుమ్ము కంటి పైపొరను ఒరుస్తుంది గాని లోపలి జెల్లీలోకి చేరదు.

నీరుగారిన జెల్లీ చివరకు రెటీనా నుంచి ఊడి ముందుకు జరుగుతుంది. ఎక్కువమందికి ఇది 50 దాటాక, పెద్ద మైనస్ పవరు ఉన్నవారికి అంతకంటే ముందే జరుగుతుంది. మీరు చెప్పిన తెగిన ఉంగరం, కంటి నరం చుట్టూ అతుక్కుని ఉన్న భాగం ఊడి వచ్చినది అయి ఉండవచ్చు. దానిని వైస్ రింగ్ అంటారు. ఊడేటప్పుడు ఎక్కడైనా జెల్లీ రెటీనాను గట్టిగా పట్టుకుని లాగితే, రెటీనాకు నొప్పి తెలియదు గనుక ఆ లాగుడును అది వెలుతురుగానే చెబుతుంది. మీ రాత్రి మెరుపు అదే. లాగుడు మరీ గట్టిదైతే రెటీనా గుర్రపు లాడం ఆకారంలో చిరుగుతుంది, ఆ చిరుగు గుండా నీరు వెనక్కు చేరితే రెటీనా గోడకు అంటించిన కాగితంలా లేచిపోతుంది. చిరుగు దశలోనే పట్టుకుంటే చుట్టూ లేజరుతో కుట్టు వేసినట్టు అతికిస్తారు, అది ఓపీలో అయిపోయే పని. లేచిపోయాక అయితే ఆపరేషన్ థియేటరే.

ఇలా కొత్తగా చుక్కలో మెరుపులో వచ్చి నిపుణుల దగ్గరకు చేరినవారిలో సుమారు 14 శాతం మందికి చిరుగు ఉన్నట్టు, అప్పటివరకు జరిగిన అధ్యయనాలను కలిపి చూసి 2009లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో ప్రచురించారు. మొదటి పరీక్షలో ఏమీ లేనివారిలో కూడా 3.4 శాతం మందికి తర్వాతి ఆరు వారాల్లో చిరుగు బయటపడింది. అందుకే వైద్యులు మళ్ళీ రమ్మంటారు. చుక్కలు ఒక్కసారిగా పదుల్లో పెరిగినా, మసి రాలినట్టు కనిపించినా, ఒక పక్క నుంచి తెర కిందికి దిగినట్టు అనిపించినా రేపటి దాకా ఆగవద్దు.

పాలకొండ (కడప):

హంద్రీతీరం గారు చెప్పినదానికి షుగరు ఉన్నవారి సంగతి ఒకటి కలుపుతాను, ఎందుకంటే మా అమ్మ విషయంలో మేము పొరబడ్డాము. ఆమెకు పద్నాలుగేళ్ళుగా షుగరు ఉంది. ఒక ఉదయం బియ్యం ఏరుతూ చేటలో పురుగులు పాకుతున్నాయంది. మేము చూస్తే ఒక్కటీ లేదు. మధ్యాహ్నానికి పురుగులు పోయి సాలెగూడు అన్నది, మరుసటి రోజు నీళ్ళ గ్లాసులో సిరా చుక్క వేస్తే ఎలా మెలికలు తిరుగుతుందో అలా ఉందన్నది. మాకు తెలిసినవారు కూడా వయసు మీద నెట్టేశారు, మేమూ సరే అనుకున్నాము. తీరా చూస్తే అది జెల్లీలోకి కారిన రక్తం.

షుగరు వల్ల రెటీనాకు రక్తం సరిగా అందని చోట కొత్త రక్తనాళాలు పుట్టి జెల్లీని పట్టుకుని పైకి పాకుతాయని, అవి బలహీనమైనవి గనుక జెల్లీ లాగినప్పుడు తెగి రక్తం కారుతుందని అప్పుడు గాని మాకు తెలియలేదు. వాటిని ఎండగట్టడానికి రెటీనా అంచులంతా లేజరు మచ్చలు పెడతారు. ఈ పద్ధతి తీవ్రమైన చూపు నష్టాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం 1976లోనే నిరూపించింది. ఇప్పుడు దానితో పాటు కంటిలోకి ఇంజక్షన్లు కూడా ఇస్తున్నారు. అమ్మకు రెండూ చేశారు, రక్తం తేటపడడానికి నెలలు పట్టింది. ఆమె ఇప్పుడు పేపరు చదువుతుంది గాని బియ్యం మాత్రం కోడలికే వదిలేసింది.

షుగరు లేని యువకులకు కూడా ఇలా రక్తం కారే జబ్బు ఒకటి ఉందని అక్కడే విన్నాను. హెన్రీ ఈల్స్ అనే ఇంగ్లండు వైద్యుడు 1880లో వర్ణించిన ఆ జబ్బు మన దేశంలోనే ఎక్కువగా కనిపిస్తుందట. కాబట్టి ఈ చుక్కలు ముసలితనపు సొత్తే అనుకోవడం పొరపాటు.

సింగనమలచెరువు (అనంతపురం):

నేను డిగ్రీ కళాశాలలో జీవశాస్త్రం చెబుతాను, నాకు కూడా కుడి కంటిలో ఇలాంటి పోగు ఆరేళ్ళుగా ఉంది. అందువల్ల చికిత్సల గురించి దొరికినంత చదివాను. మీరు అడిగిన మూడింటిలో అనాసపండును ముందు పక్కన పెడదాం. తైవాన్ పరిశోధకులు 2019లో, మూడు నెలలు రోజూ అనాస ముక్కలు తిన్నవారిలో చాలామందికి చుక్కలు పోయాయని రాశారు. కాని చుక్కలు వాటంతట అవే కిందికి దిగడమో, మెదడు వాటిని పట్టించుకోవడం మానడమో చాలామందిలో నెలల్లోనే జరుగుతుంది. పండు తిననివారిని పక్కన పెట్టి పోల్చకపోతే ఆ ఘనత పండుదా, కాలానిదా చెప్పలేము. పైగా పండులోని ఎంజైము జీర్ణకోశాన్ని దాటి కంటి జెల్లీలోని ఉండను వెతుక్కుంటూ వెళ్ళి కరిగిస్తుందనడం నమ్మదగిన మాట కాదు. ఐర్లండులో 61 మందితో, ఆరు నెలల పాటు, ఉత్తుత్తి గుళికతో పోల్చి చేసిన పోషకాల ప్రయోగం ఒకటి 2021లో వచ్చింది. అందులో కొంత ఉపశమనం కనిపించింది, పద్ధతి కూడా మెరుగైనదే, అయినా 61 మంది లెక్కతో డబ్బు ఖర్చు పెట్టమని నేను చెప్పను.

లేజరు విషయంలో ఒక పొరపాటు తొలగాలి. చిరుగు చుట్టూ వేసే లేజరు వేరు, తేలే ఉండను పగలగొట్టే యాగ్ లేజరు వేరు. మొదటిది చూపును కాపాడేది, దానిలో వాదన లేదు. దాని పుట్టుక కథ మన అనంతపురం ఎండకు దగ్గరిది: 1945 సూర్యగ్రహణాన్ని ఉత్త కళ్ళతో చూసిన విద్యార్థి రెటీనా మీద పడిన కాలిన మచ్చను చూసి, జర్మనీ వైద్యుడు మేయర్ ష్వికెరాత్, అదే ఎండను అద్దాలతో మళ్ళించి రెటీనాను అతికించవచ్చునని ప్రయత్నించాడు. రెండవదానికి వస్తే, 2017లో అమెరికాలో 52 కళ్ళ మీద చేసిన ప్రయోగంలో కొందరికి నిజం లేజరు, కొందరికి ఉత్తుత్తి లేజరు వేసి ఆరు నెలల తర్వాత అడిగారు. నిజం లేజరు పొందినవారు ఇబ్బంది సగటున 54 శాతం తగ్గిందన్నారు, ఉత్తుత్తిది పొందినవారు 9 శాతం అన్నారు. ఇది ఆశ కలిగించే ఫలితమే. అయితే అందులో తీసుకున్నది వైస్ రింగ్ ఉన్నవారినే, ఉంగరం రెటీనాకూ కటకానికీ (కంటి లెన్సుకు) తగినంత దూరంలో ఉంటేనే. గురి తప్పితే దెబ్బతినేది ఆ రెండే మరి.

జెల్లీని తీసేసే ఆపరేషన్ పేరు విట్రెక్టమీ. రాబర్ట్ మాకెమర్ 1970లో మయామీలో మొదలుపెట్టిన ఈ పద్ధతిలో ఇప్పుడు అర మిల్లీమీటరు మందం గల పరికరాలు వాడుతున్నారు. చుక్కలను పోగొట్టడంలో దీనికి సాటి లేదు. కాని 50 దాటినవారిలో సొంత కటకం ఉంటే చాలామందికి రెండేళ్ళలోపే శుక్లం వస్తుంది, కొద్దిమందికి రెటీనా లేచిపోతుంది. 2017లో కాక్రేన్ (వైద్య ప్రయోగాలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్షకులు యాగ్ లేజరునూ విట్రెక్టమీనీ నేరుగా పోల్చిన నమ్మదగిన ప్రయోగం కోసం వెతికితే ఒక్కటి కూడా దొరకలేదు. నా వరకు నేను ఆగాను.

ఒక మాట మాత్రం మీ పక్షాన చెప్పాలి. పట్టిక చదవగలిగితే ఇబ్బంది లేనట్టేనన్న పాత ధోరణి ఇప్పుడు మారుతోంది. అమెరికాలో జెర్రీ సెబాగ్ బృందం ఇలాంటివారి కాంట్రాస్ట్ గ్రహణశక్తిని కొలిచి, అది నిజంగానే తగ్గుతున్నట్టు చూపించింది. నల్ల అక్షరాన్ని తెల్ల కాగితం మీద చదవడం వేరు, బూడిద రంగు బండ మీద అంతకంటే కొంచెం ముదురు బూడిద గీతను పట్టడం వేరు. మీ పనికి కావలసింది రెండవదే, మీకు పెట్టింది మొదటి పరీక్ష. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వారు హయలురోనిక్ ఆమ్లం పూసిన బంగారు నానో కణాలను ఉండలకు అంటించి, అతి తక్కువ శక్తి గల లేజరుతో పగలగొట్టే మార్గాన్ని 2019లో ప్రకటించారు. ఆపరేషన్లలో తీసిన మనుషుల కంటి పోగుల మీద, ప్రయోగశాలలో అది పనిచేసింది. నాకు ఆసక్తి ఉన్నది దాని మీదనే.

పెన్నాఒడ్డు (తాడిపత్రి):

అందరికీ నమస్కారం. మీరు రాసిన మర్నాడే మా బావమరిదిని తోడు తీసుకుని వెళ్ళాను. మందు వేసి, నన్ను పడుకోబెట్టి, నుదుటికి కట్టుకునే దీపంతో, రెప్ప పక్కన చిన్న కడ్డీతో నొక్కుతూ అంచులన్నీ చూశారు. కొంచెం నొప్పి, ఎక్కువ వెలుతురు. జెల్లీ పూర్తిగా ఊడిందని, ఉంగరం కనిపిస్తోందని, చిరుగు లేదని, పై భాగంలో రెటీనా పలుచబడిన పట్టీ ఒకటి ఉందని చెప్పారు. దానికి ఇప్పుడే లేజరు అక్కరలేదట. మెరుపులు ఎక్కువైతే వెంటనే, లేకపోతే ఐదు వారాల తర్వాత రమ్మన్నారు. గీతను పోగొట్టమని అడగలేదు. సింగనమలచెరువు గారిలాగే నేనూ ఆగుతాను.

పనిలో ఒక ఉపాయం దొరికింది. గీత కనిపించగానే తల కదపకుండా చూపును ఒకసారి పైకెత్తి దించుతున్నాను. ఊగితే నాది, ఊగకపోతే బండది. నిన్న 300 బండలు చూస్తే ఒక్కటి కూడా పొరపాటు పోలేదు.

పాలకొండ గారికి ఒక మాట. తోడు వచ్చిన బావమరిదికి తొమ్మిదేళ్ళుగా షుగరు ఉంది, కళ్ళు ఎప్పుడూ చూపించుకోలేదు. ఆ రోజు ఇద్దరికీ మందు వేస్తే బస్సు ఎక్కించేవారు ఉండరని ఆగాము. శనివారం ఆయనను నేను తీసుకెళుతున్నాను.