పదో తరగతి పరీక్షలు, సండే స్కూలు: దేనికి ముందు చోటివ్వాలి?

అందరికీ వందనాలు. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు, అవే రోజుల్లో ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల ప్రార్థన కూడికలు. ఉదయం ప్రత్యేక తరగతుల వల్ల వేకువ ప్రార్థన హడావుడిగా ముగుస్తోంది. ఆదివారం చర్చిలో పిల్లలకు బైబిలు పాఠాలు చెప్పే సండే స్కూలు బాధ్యత కూడా నాదే; అది అయ్యాక ఇంటికొచ్చి జవాబు పత్రాల కట్ట విప్పితే, మా అమ్మాయి తన లెక్కల పుస్తకం పట్టుకుని పక్కనే నిలబడుతుంది. దానికే సమయం ఇవ్వలేకపోతున్నాను, నన్ను కలచివేస్తున్నది అదే.

సంఘంలో పెద్దలు దేవుని పని మానకూడదంటారు. బడిలో చదువు చెప్పడమూ దేవుని పనేనని నా నమ్మకం. పైగా బైబిలులో నిర్గమకాండము 18వ అధ్యాయంలో, ఒక్కడివే మోయలేవు, భారం పంచుకోమని మోషేకు మామ యిత్రో చెప్పాడు కదా.

ఉపాధ్యాయులైన విశ్వాసులు పరీక్షల కాలంలో ఏది తగ్గించుకుంటున్నారు? సండే స్కూలు బాధ్యత కొన్నాళ్లు మరొకరికి అప్పగించాలంటే పాస్టరు గారితో మాట ఎలా మొదలుపెట్టాలి?