గార్నెట్‌ని గోమేధికం అనొచ్చునా? జనవరి రాయి మీద చర్చ

పదాలపేటి (హన్మకొండ):
జనవరిలో పుట్టినోళ్ళ రాయి గార్నెట్ అని ఇంగ్లీషు పట్టికల్లో ఉంటుంది. తెలుగులోకి వచ్చేసరికి అదే గడిలో ఒకరు గోమేధికం అంటారు, ఒకరు కెంపు అంటారు, ఇంకొకరు ఎర్రమణి అని వదిలేస్తారు. ఏది సరి? పనిలో పని, 'గోమేదకం'లో 'ద' రాయాలా 'ధ' రాయాలా కూడా చెప్పండి.

రాతిపరీక్ష (కొత్తగూడెం):
గోమేధికం గార్నెట్టే, కాని ప్రతి గార్నెట్టూ గోమేధికం కాదు. చిక్కంతా ఇక్కడే ఉంది. గార్నెట్ ఒక కుటుంబం పేరు. ఇనుము ఎక్కువైతే ఆల్మండైన్, మెగ్నీషియం ఎక్కువైతే పైరోప్, మాంగనీసు అయితే స్పెసర్టైన్, కాల్షియం వైపు గ్రాస్యులర్, ఆండ్రడైట్. రాహువుకి చెప్పే గోమేధికం గ్రాస్యులర్‌లో తేనెరంగు రకం, ఆ రకాన్ని హెసొనైట్ అంటారు. జనవరి పట్టికలో బొమ్మ వేసే ముదురెర్ర రాయి మాత్రం ఆల్మండైన్, లేదా పైరోప్, ఎక్కువసార్లు రెండూ కలిసినది. గ్రాస్యులర్‌లోనే ఆకుపచ్చది కూడా ఉంది. 1967లో టాంజానియాలో దొరికిన ఆ రకాన్ని సావొరైట్ అంటారు. కాబట్టి ఎరుపంటే గార్నెట్, గార్నెట్ అంటే ఎరుపు అనే లెక్క కుదరదు.

పంచాంగం (ములుగు):
ఆ గడిలో గోమేధికం రాయడం ఇంకో కారణానికీ తప్పే. మన పద్ధతిలో రాయి నెలకి రాదు, గ్రహానికి వస్తుంది. ఆరుద్ర, స్వాతి, శతభిషం రాహు నక్షత్రాలు కనుక వాటికి గోమేధికం అంటారు, లేదా రాహు దశ నడిచేవాళ్ళకి చెప్తారు. జనవరిలో పుట్టినా ఉత్తరాషాఢ అయితే అది రవి నక్షత్రం, అక్కడ చెప్పేది మాణిక్యం. అమెరికా పట్టికలోని నెలని, మన పట్టికలోని రాయిని అతికిస్తే ఏ లెక్కకీ చెందని మూడో పట్టిక తయారవుతుంది.

నెలల పట్టిక కథ వేరు. దాని మూలం బైబిల్లో ప్రధాన యాజకుడి వక్షఃపతకం మీది 12 రాళ్ళు. 1వ శతాబ్దంలోనే యూదు చరిత్రకారుడు జోసెఫస్ వాటిని 12 నెలలతో ముడిపెట్టాడు. ఇప్పుడు దుకాణాల్లో కనిపించే జాబితాని అమెరికా నగల వ్యాపారుల సంఘం 1912లో ఖాయం చేసింది. తర్వాత 1952లో మార్పులు చేశారు, 2002లో డిసెంబరుకి టాంజనైట్, 2016లో ఆగస్టుకి స్పినెల్ చేర్చారు. జనవరి గడి మాత్రం అన్నాళ్ళూ గార్నెట్‌తోనే ఉంది. వ్యాపారులు కూర్చుని చేసిన జాబితా అది. శాస్త్రప్రమాణం అనుకుని వాదించుకోవడం అనవసరం.

పదాలపేటి (హన్మకొండ):
బైబిలు మాట వచ్చింది కనుక ఒకటి. తెలుగు బైబిల్లో నిర్గమకాండం 28లో మొదటి వరుస "మాణిక్య గోమేధిక మరకతములు". ఇంగ్లీషు పాత అనువాదంలో ఆ రెండో రాయి టోపాజ్, మూడోది కార్బంకుల్. అంటే గోమేధికం అన్న మాట తెలుగులో టోపాజ్ పని కూడా చేసింది. పాత పుస్తకాల్లో ఈ పదం కనపడగానే హెసొనైట్ అని అర్థం చెప్పేయకూడదన్నమాట.

పంచాంగం (ములుగు):
అవును. ఇక కార్బంకుల్ గురించి ఒక హెచ్చరిక. లాటిన్‌లో అది 'కార్బంక్యులస్', చిన్న నిప్పుకణిక. ఎర్రగా మెరిసే ఏ రాయినైనా, కెంపైనా గార్నెట్టైనా, అలాగే పిలిచారు. వైద్యంలో రాచపుండుకీ అదే పేరు. అనువాదకులు ఉంగరంలో రాచపుండు పొదగకుండా చూసుకోవాలి!

'ద', 'ధ' విషయానికొస్తే మూలం గోమేదం, గోమేదకం. గో అంటే ఆవు, మేదస్సు అంటే కొవ్వు. ఆవు కొవ్వు రంగని పేరు పెట్టారు. రసశాస్త్ర గ్రంథాలు దీని చాయని గోజలంతో, అంటే ఆవు పంచితంతో పోలుస్తాయి. నవగ్రహ రత్నాల శ్లోకం చివర కూడా "గోమేదవైడూర్యకే" అని 'ద'నే ఉంది. 'మేధ' అంటే బుద్ధి, లేదా యాగం. గోమేధం వేరే మాట. మేదస్సు, మేధస్సు కలిసిపోయినట్టే ఇదీ కలిసిపోయి తెలుగులో 'గోమేధికం' నిలబడింది. వాడుకలో అది తప్పని కొట్టేయలేం. సంస్కృతం ఉటంకించేటప్పుడు మాత్రం 'ద' వేయాలి.

అవుసలి (జనగామ):
కెంపు అన్న మాట మీద నాదొక మాట. కెంపు అంటే మొదలు ఎరుపే. కెంజాయ, కెందామర, మొఖం కెంపెక్కింది అంటం గదా. ఆ లెక్కన గార్నెట్‌ని కెంపు అంటే భాష ఒప్పుకుంటది, బజార్ల మాత్రం ఒప్పుకోదు. బిల్లుల కెంపు అని రాస్తే అది రూబీ కింద లెక్క, ధరల నేలకూ నింగికీ ఉన్నంత తేడా. బిల్లు మీద ఎర్ర గార్నెట్ అయితే 'గార్నెట్' అని, గోమేధికం అయితే పక్కనే 'హెసొనైట్' అని రాయించుకోవాలె.

రత్తి లెక్కల కూడా పైలం. రత్తి అంటే గురిగింజ. బంగారం తూకపు రత్తి సుమారు 0.12 గ్రాములు, రాళ్ళ దుకాణపోళ్ళు చెప్పే రత్తి సుమారు 0.18 గ్రాములు. 5 రత్తీలు అంటే ఒక దగ్గర 0.6 గ్రాములు, ఇంకో దగ్గర 0.9 గ్రాములు అయితది. క్యారెట్ల అడిగితే లొల్లి లేదు, క్యారెట్ అంటే ఎక్కడైనా 0.2 గ్రాములే.

ఓరుగల్లు పాఠకురాలు:
అవుసలి అన్నా, ఇంట్లో ఉన్న రాయి ఏదో తెలుసుకోవడానికి దారుందా? పేరు సరిగ్గా పెట్టాలన్నా ముందు రాయి తెలియాలి కదా.

రాతిపరీక్ష (కొత్తగూడెం):
నేను చెప్తానక్కా. రాయి నగలో పొదిగి ఉండకూడదు, విడిగా ఉండాలి. 0.01 క్యారెట్ చూపించే తక్కెడ కావాలి. ముందు గాలిలో తూచండి, తర్వాత సన్నటి తీగకి వేలాడదీసి నీళ్ళలో ముంచి తూచండి, తీగ బరువు తీసేయండి. గాలిలో బరువుని, తగ్గిన బరువుతో భాగించాలి. 5 క్యారెట్ల హెసొనైట్ నీళ్ళలో దాదాపు 3.63 తూగుతుంది, అంటే సాంద్రత 3.65 దగ్గర. అదే 5 క్యారెట్ల ఆల్మండైన్ అయితే నీళ్ళలో 3.78 దగ్గర తూగుతుంది, మామూలు గాజు బరువు 3.00 దగ్గరికి పడిపోతుంది. రాయికి గాలిబుడగ అంటుకుంటే నీళ్ళలో బరువు తగ్గి, మంచి రాయి కూడా గాజులా కనపడుతుంది. నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేస్తే బుడగలు నిలవవు. ఒక క్యారెట్ కంటే చిన్న రాళ్ళకి ఈ పద్ధతి నమ్మొద్దు.

సీసం కలిపిన గాజు బరువుంటుంది, తూకంలో దొరకదు. దానికి 10 రెట్ల భూతద్దం. లోపల గుండ్రటి బుడగలుంటే గాజు. హెసొనైట్‌లో పాకం నీళ్ళలో కలిసేటప్పుడు కనపడే తీగల్లాంటి మెలికలుంటాయి, అవి దాని ముద్ర. ఎర్ర రాయిని చిన్న థర్మోకోల్ ముక్క మీద పెట్టి నీటిలో తేలనిచ్చి, నియోడిమియం అయస్కాంతం దగ్గరికి తెస్తే ఆల్మండైన్ ఇనుము వల్ల కదిలి వస్తుంది. కెంపు కదలదు.

అవుసలి (జనగామ):
ఇంకోటి. నగకు టంకం పెట్టాలంటే గార్నెట్‌ని ముందు ఊడదియ్యాలె. మంటకు వేడెక్కినంక తేజాబుల వేస్తే ఆ ఒక్క దెబ్బకే పగుల్తది. నల్లగ కనబడుతుందని ఖరాబు రాయి అనుకోవద్దు. ఆల్మండైన్ మందంగ ఉంటే వెలుతురు దాటదు. వెనక గుంట తొలిచినా, పల్చటి పలక కోసి కింద రేకు పెట్టినా ఎరుపు లేస్తది.

పదాలపేటి (హన్మకొండ):
మరి ఇంగ్లీషు మాట ఎక్కడిది? దానిమ్మ అని విన్నాం.

రాతిపరీక్ష (కొత్తగూడెం):
లాటిన్ 'గ్రానాటమ్', గింజలున్నది అని. దానిమ్మకీ అదే మాట. మూలం 'గ్రానమ్' అంటే గింజ, గ్రానైట్ కూడా అక్కడి నుంచే. కరీంనగర్ క్వారీల వైపు గ్రానైట్, గార్నెట్ ఒకదానికొకటి వాడేస్తుంటారు, పుట్టుక ఒకటే కాని రాళ్ళు వేరు. 'ఆల్మండైన్' ఆసియా మైనర్‌లోని అలబాండా ఊరి పేరు మీదిది.

మన దగ్గరి సంగతి చెప్పాలంటే గరీబుపేట గుట్ట. కొత్తగూడెం దగ్గర ఉంది, 1953 దాకా వరంగల్ జిల్లా కిందికే వచ్చేది. అక్కడ అభ్రకపు పలకరాయిలోనూ, చుట్టుపక్కల మట్టిలోనూ ఆల్మండైన్ దొరుకుతుంది. లోపల వెంట్రుకల్లాంటి సిల్లిమనైట్ పోగులుంటాయి. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో దొరికిన ప్రాచీన గార్నెట్ పూసల్లోనూ అవే గుర్తులు ఉండటంతో, ఆ ముడిరాయి ఇక్కడి నుంచే పోయిందని ఖనిజ పరిశోధకుల అభిప్రాయం.

ఓరుగల్లు పాఠకురాలు:
ఐతే జనవరి గడిలో ఏం రాయమంటారు?

పంచాంగం (ములుగు):
'గార్నెట్' అనే రాయండి. ముదురెర్ర గార్నెట్‌కి నవరత్నాల్లో చోటు లేదు, అందుకే అందరూ ఒప్పుకున్న తెలుగు పేరు దానికి నిలవలేదు. అక్కడ 'జన్మరత్నం' అని కూడా వద్దు, జాతకం చూసి చెప్పిందనుకుంటారు. 'పుట్టిన నెల రాయి' అంటే చాలు.

పదాలపేటి (హన్మకొండ):
పట్టికలో దిద్దేశాను. ఇంకో సందేహం, వాటర్‌జెట్ కటింగ్ షాపుల్లో 'గార్నెట్ ఇసుక' అంటారు, అదీ ఇదేనా?

రాతిపరీక్ష (కొత్తగూడెం):
ఇదే. ఎక్కువగా ఆల్మండైనే. సముద్రతీరపు ఇసుక నుంచి వేరు చేసి, 80 మెష్ జల్లెడ సైజులో బస్తాలకెత్తుతారు. గట్టితనం 7 పైన ఉంటుంది, విరిగినా అంచులు పదునుగానే ఉంటాయి, అందుకే నీటిధారలో కలిపి ఉక్కు కోస్తారు. తడి తగిలి ఉండలు కడితే నాజిల్ మూసుకుపోతుంది, బస్తా విప్పితే మూతి కట్టి పెట్టమనండి.